మోడ్లరోయిట్: ‘చిన్న బెర్లిన్’ అనే పేరుతో నాకున్న పేచీ

అక్టోబరు నెలాఖరుకు జర్మనీలోని హోఫ్ పట్టణ పరిసరాల్లో చలి ముదురుతుంది. బవేరియా వాళ్లే తమ రాష్ట్రపు ఆ ఈశాన్య మూలను ‘బవేరియా సైబీరియా’ అని పిలుచుకుంటారు. న్యూరెంబర్గ్ నుంచి ఎ9 రహదారి మీద ఉత్తరానికి వెళ్లి, హోఫ్ దాటాక చిన్న దారుల్లోకి మళ్లి మోడ్లరోయిట్ అనే పల్లె చేరేసరికి వాగు మీద పొగమంచు ఇంకా విడలేదు. గోడ చూద్దామని బయలుదేరిన నాకు ముందుగా కంటపడింది ఒక హద్దు రాయి. నాచు పట్టిన ఆ రాతికి ఒక ముఖాన ‘కె.బి.’, రెండో ముఖాన ‘ఎఫ్.ఆర్.’ అనే అక్షరాలు చెక్కి ఉన్నాయి. మొదటిది బవేరియా రాజ్యం, రెండవది రోయిస్ సంస్థానం. ఆ రాజులూ ఆ సంస్థానాధీశులూ 1918లోనే గద్దె దిగిపోయారు. 1810లో పాతిన హద్దు మాత్రం చెక్కుచెదరలేదు. ఇవాళ కూడా వాగుకు ఈ ఒడ్డు బవేరియా రాష్ట్రం, ఆ ఒడ్డు తురింగియా రాష్ట్రం.

ఊరంతా కలిపి జనాభా నలభైకి అటూ ఇటూ. ఇంత చిన్న ఊరికి ప్రపంచమంతా తెలిసిన మారుపేరు ఒకటుంది: ‘చిన్న బెర్లిన్’. ఈ ఊరి నడుమ కూడా తూర్పు జర్మనీ ప్రభుత్వం కాంక్రీటు గోడ కట్టింది కనుక, పడమటి వైపు పహరా కాసిన అమెరికన్ సైనికులు పెట్టిన పేరు అది. పర్యాటకుల కరపత్రాల నుంచి పత్రికల శీర్షికల వరకు అదే పేరు స్థిరపడిపోయింది. ఆ పేరు ఈ ఊరికి అన్యాయం చేస్తోందని నా అభిప్రాయం. పెద్ద నగరం కథను కుదించి చిన్న ఊరికి తొడిగితే ఊరి అసలు కథ కనబడకుండా పోతుంది. మోడ్లరోయిట్ కథ బెర్లిన్ కథ కంటే పాతది. అంతకు మించి, అది చెప్పే విషయమే వేరు.

ముందు నేల సంగతి చెప్పాలి. జర్మనీలో ఈ భాగాన ‘రోయిట్’ అని ముగిసే ఊళ్లు చాలా కనిపిస్తాయి. సంగీతోత్సవాలకు పేరుపొందిన బైరోయిట్ వాటిలో పెద్దది. ఆ మాటకు అడవి నరికి సాగులోకి తెచ్చిన చోటు అని అర్థం. మనవైపు పోడు కొట్టిన చోట పల్లె వెలిసినట్టే, మధ్యయుగాల్లో రైతులు ఇక్కడి అడవులను కొట్టి, నీరు దొరికిన చోట ఇళ్లు కట్టుకున్నారు. మోడ్లరోయిట్‌కు ఆ నీరు టాన్‌బాఖ్ వాగు. దేవదారు జాతికి చెందిన ‘టానె’ చెట్ల పేరు మీద దానికా పేరు వచ్చింది. దాని నీళ్లు సాలె నదిలోకీ, అక్కడి నుంచి ఎల్బె ద్వారా ఉత్తర సముద్రంలోకీ పోతాయి. ఊరి దగ్గర మాత్రం అది వాగు అనడానికే తటపటాయించాల్సినంత సన్నది. కాస్త పొడుగు కాళ్లున్న మనిషి ఒక్క అంగలో దాటేయగలడు. రెండు ఒడ్లకూ పచ్చిక వాలు, వాలు మీద పెంకుటిళ్లు, పశువుల కొట్టాలు, వాటి వెనక పొలాలు. నీటి కోసం వాగుకు చెరో పక్కన ఇళ్లు కట్టుకున్న వాళ్లకు అది ఊరి నడివీధి లాంటిదే.

ఆ వాగు హద్దుగా మారడానికి ఊరి వాళ్ల తగవులేవీ కారణం కావు. దక్షిణాన ఉన్న బైరోయిట్ సంస్థానాన్ని దాని చివరి పాలకుడు 1791లో ఉత్తరాది జర్మన్ రాజ్యమైన ప్రష్యాకు వదిలేశాడు. ప్రష్యాను ఓడించిన నెపోలియన్ దాన్ని కొన్నేళ్లు తన చేతిలో ఉంచుకొని, 1810లో బవేరియా రాజుకు అప్పగించాడు. తూర్పున రోయిస్ సంస్థానం అలాగే ఉండిపోయింది. ఆ వంశంలో పుట్టిన మగపిల్లలందరికీ హైన్రిఖ్ అనే ఒకే పేరు పెట్టి, ఒకరి నుంచి మరొకరిని గుర్తుపట్టడానికి వరుస సంఖ్యలు చేర్చే ఆనవాయితీ ఉండేది. అలా ఎక్కడో కుదిరిన ఏర్పాట్ల మేరకు సర్వేయర్లు వచ్చి టాన్‌బాఖ్ వెంట రాళ్లు పాతి వెళ్లారు. ఒకే ఊళ్లో సగం మంది బవేరియా రాజుకు, మిగతా సగం మంది ఏదో ఒక హైన్రిఖ్ దొరకు పన్ను కట్టేవారయ్యారు.

అయితే ఏమైంది? పెద్దగా ఏమీ కాలేదు, నా వాదనకు మొదటి ఆధారం ఇదే. బడి రోయిస్ ఒడ్డున ఉండేది, సత్రమూ అక్కడే. బవేరియా ఒడ్డు పిల్లలు వాగు దాటి బడికి వెళ్లేవారు, వాళ్ల తండ్రులు సాయంత్రం వాగు దాటి సత్రంలో బీరు తాగేవారు. ఆదివారం ప్రార్థనకు రెండు ఒడ్ల వాళ్లూ కలిసి బవేరియా వైపున్న టోపెన్ గ్రామంలోని చర్చికి నడిచేవారు. పెళ్లి సంబంధాలు కలిశాయి, అటువాళ్లకు ఇటు పొలాలుండేవి, ఇటువాళ్లకు అటు. 1871లో రెండు రాజ్యాలూ జర్మన్ సామ్రాజ్యంలో భాగమయ్యాయి, 1920లో రోయిస్ తదితర సంస్థానాలు కలిసి తురింగియా రాష్ట్రమయ్యాయి. ఊళ్లోని గీత అలాగే ఉంది, దాని మీదుగా మనుషులూ పశువులూ తిరుగుతూనే ఉన్నారు.

మన భాషలో పొలిమేర అనే మాట ఉంది, సరిహద్దు అనే మాట ఉంది. నిఘంటువులో రెండూ దగ్గరవే కానీ వాడుకలో వాటి మధ్య ఎంతో దూరం ఉంది. పొలిమేర దాకా వెళ్లి చుట్టాన్ని సాగనంపుతాం, అక్కడ అమ్మవారి గుడి ఉంటుంది, పొలిమేర దాటగానే పక్కూరు మొదలవుతుంది. సరిహద్దు దగ్గర సైనికుడు ఉంటాడు. 1810 నుంచి నూట ముప్పై అయిదేళ్ల పాటు టాన్‌బాఖ్ ఒక పొలిమేర. అది సరిహద్దుగా మారిన తీరే ఈ ఊరి చరిత్రలో అసలు ఘట్టం.

ఆ మార్పుకు బీజం లండన్‌లో పడింది. 1944 సెప్టెంబరులో, యుద్ధం ఇంకా జరుగుతుండగానే, అమెరికా, బ్రిటన్, సోవియట్ యూనియన్ ప్రతినిధులు ఓడిపోబోయే జర్మనీని ఆక్రమణ మండలాలుగా పంచుకునే ఒప్పందం రాసుకున్నారు. కొత్త గీతలు గీయడం కష్టం కనుక ఉన్న రాష్ట్రాల, జిల్లాల హద్దులనే వాడుకున్నారు. తురింగియా సోవియట్ మండలంలోకి, బవేరియా అమెరికన్ మండలంలోకి వెళ్లాయి. ఆ బల్ల చుట్టూ కూర్చున్న వాళ్లలో మోడ్లరోయిట్ పేరు విన్నవారు ఒక్కరైనా ఉండి ఉంటారని నేను అనుకోను. 1945 ఏప్రిల్‌లో ఈ ప్రాంతమంతా ముందుగా అమెరికన్ సేనల చేతికే వచ్చింది, జులై మొదట్లో ఒప్పందం ప్రకారం వాళ్లు తురింగియాను సోవియట్ సైన్యానికి వదిలి వెనక్కి వచ్చారు. హైన్రిఖ్ దొరల కోసం పాతిన రాళ్లు ఇద్దరు మహాబలుల నడుమ గీతయ్యాయి. 1949లో రెండు జర్మనీలు ఏర్పడ్డాక ఆ గీత రెండు దేశాల మధ్య గీత అయింది. అప్పటికీ అనుమతి చీటీ పట్టుకుని వాగు దాటడానికి వీలుండేది.

1952 మే 26న ఆ వీలు పోయింది. తూర్పు జర్మనీ ప్రభుత్వం తన పడమటి అంచు పొడవునా 5 కిలోమీటర్ల వెడల్పున నిషిద్ధ ప్రాంతాన్ని, అందులో 500 మీటర్ల వెడల్పున మరింత కఠినమైన రక్షణ పట్టీని, గీతను ఆనుకుని 10 మీటర్ల దున్నిన నేలను ఏర్పాటు చేసింది. పాదముద్ర పడితే తెలిసేలా ఆ పది మీటర్లను దున్ని చదును చేసి ఉంచేవారు. విత్తనం పడని ఆ దుక్కిని చూసి అక్కడి రైతులు ఏమనుకున్నారో ఊహించడం వ్యవసాయం తెలిసిన వారికి కష్టం కాదు. మోడ్లరోయిట్ తూర్పు ఒడ్డు మొత్తం ఆ 500 మీటర్ల పట్టీలోనే పడింది. వాగు వెంట మనిషెత్తు చెక్క కంచె లేచింది. అవతలి ఒడ్డు మీదున్న అన్నదమ్ములు కంటికి కనబడకుండా చేయడం దాని పని.

ఆ జూన్‌లోనే ప్రభుత్వం ‘నమ్మదగని’ వాళ్లని తేల్చిన కుటుంబాలను సరిహద్దు గ్రామాల నుంచి లోపలి ప్రాంతాలకు బలవంతంగా తరలించింది. ఎనిమిది వేల మందికి పైగా అలా ఇళ్లు వదిలారు. ఆ పనికి అధికారులు లోపల్లోపల పెట్టుకున్న పేరు ‘ఉన్‌గెట్సీఫర్’. ఆ మాటకు అర్థం చీడపురుగులు. సొంత పౌరులకు పాలకులు పెట్టిన పేరు అది. మోడ్లరోయిట్‌లో తూర్పు ఒడ్డున ఒక పిండిమర ఉండేది. తమనూ తరలించబోతున్నారని తెలిసి ఆ మర యజమాని కుటుంబం వాగు దాటి బవేరియా ఒడ్డుకు చేరుకుంది. కొన్ని అడుగుల దూరం వెళ్లి కాందిశీకులయ్యారు. తర్వాత ఆ మరను ప్రభుత్వం కూలగొట్టింది. మర ఉండిన చోట నేను కాసేపు నిలబడ్డాను. అక్కడిప్పుడు ఉన్నది గడ్డి మాత్రమే. రెండు ఒడ్ల ధాన్యమూ ఒకే రాతి కింద పిండి అయిన చోటు కనుక, ఈ ఊరు పోగొట్టుకున్న వాటిలో నన్ను అన్నిటికంటే కలచివేసింది ఆ మరే.

చెక్క కంచె తర్వాత ముళ్లతీగ వచ్చింది. 1966లో కాంక్రీటు గోడ కట్టారు. 700 మీటర్ల పొడవు, 3.3 మీటర్ల ఎత్తు. కొద్ది పదుల మంది కాపురముండే ఊరికి కావలి బురుజు, రాత్రంతా వెలిగే దీపాల వరుస, కాపలా కుక్కలు. గోడకూ వాగు నడిమికీ మధ్య ఉన్న సన్నని పట్టీ కూడా తూర్పు జర్మనీదే. అందుకే పడమటి ఒడ్డున బవేరియా అధికారులు ఒక హెచ్చరిక పలక పాతారు: ‘జాగ్రత్త, వాగు నడుమ సరిహద్దు’. పిల్లవాడి బంతి నీళ్లలో పడితే ఏ దేశపు నీళ్లలో పడిందో చూసుకోవాల్సిన పరిస్థితి. పడమటి వాళ్లు వాగు దాకా వచ్చి చెయ్యి ఊపవచ్చు. తూర్పు వాళ్లు తిరిగి చెయ్యి ఊపడం నిషేధం, పలకరించడం నిషేధం. బయటి చుట్టాలెవరూ అనుమతి లేకుండా తూర్పు ఒడ్డుకు రాకూడదు. గోడ కట్టాక 1973 మే నెలలో ఒక వ్యక్తి వాహనాన్ని గోడ దాకా తెచ్చి, తాను తయారు చేసుకున్న నిచ్చెనతో అవతలికి దాటాడు. ఇక్కడ గోడ దాటి ఫలించిన ప్రయత్నం అదొక్కటేనని చెబుతారు. 1983 ఫిబ్రవరిలో అప్పటి అమెరికా ఉపాధ్యక్షుడు జార్జ్ బుష్ పడమటి ఒడ్డుకు వచ్చి గోడను చూసి వెళ్లాడు. అలాంటి రాకలతోనే ‘చిన్న బెర్లిన్’ అనే పేరు లోకానికెక్కింది.

ఇక ఆ పేరు ఎందుకు సరిపోదో చెబుతాను. బెర్లిన్ గోడ 155 కిలోమీటర్ల పొడవున సగం నగరాన్ని చుట్టుముట్టింది. అక్కడ కూడా గోడ పాత పురపాలక విభాగాల హద్దుల వెంటే లేచిందని ఎవరైనా గుర్తు చేయవచ్చు, అది నిజం. ఆ హద్దుకు అంతకు ముందు నగరవాసి జీవితంలో పెద్ద బరువు లేదన్నదీ నిజం. తేడా తర్వాతి కథలో ఉంది. 1990లో బెర్లిన్ మళ్లీ ఒకే నగరం, ఒకే రాష్ట్రం అయింది. అక్కడ గోడా పోయింది, గీతా పోయింది. అందుకే బెర్లిన్ కథ వినేవారికి గీత, గోడ రెండూ ఒకటే అనిపిస్తుంది, విముక్తి అంటే గీతను చెరపడమే అనిపిస్తుంది. మోడ్లరోయిట్‌లో గోడ పోయింది, గీత మిగిలింది, ఎవరికీ ఊపిరాడకుండా పోలేదు. గీత వేరు, గోడ వేరు అని ఇంత స్పష్టంగా కంటికి చూపించే చోటు ఐరోపాలో నాకు మరొకటి కనబడలేదు. ఆ ఒక్క విషయాన్నే ‘చిన్న బెర్లిన్’ అనే పేరు కప్పేస్తోంది.

ఆ పేరు వల్లే కదా బస్సుల్లో జనం వస్తున్నారు, మ్యూజియం నడుస్తోంది అని ఒక మిత్రుడు నాతో వాదించాడు. అతని మాటలో కొంత బలముంది. ఈ ఊళ్లో సుమారు వంద మీటర్ల గోడను, బురుజును, కంచెలను ఉన్నచోటే నిలిపి చూపిస్తున్నారు, ఆ శ్రద్ధకు నేను చేతులు జోడిస్తాను. కాని పేరు విని వచ్చినవారు గోడ ముందు ఫొటో తీసుకుని వెనుదిరగడం నేను కళ్లారా చూశాను. గంటసేపట్లో ఆ హద్దు రాయి ముందు వంగి అక్షరాలు చదివిన వారు ఒక్కరూ కనబడలేదు. పేరు వాళ్లను ఊళ్లోకి తెచ్చింది, అదే పేరు ఏది చూడాలో కూడా ముందే తేల్చేసింది.

బెర్లిన్ గోడ 1989 నవంబరు 9న తెరుచుకుందని అందరికీ తెలుసు. మోడ్లరోయిట్ వాళ్లు మరో నెల రోజులు ఎదురు చూడాల్సి వచ్చింది. డిసెంబరు 9న గోడలో ఒక దారి తెరిచి, నడిచివెళ్లే వారిని వాగు దాటనిచ్చారు. 1990 జూన్ 17న యంత్రం తెచ్చి గోడను కూల్చడం మొదలుపెట్టారు. 1953లో తూర్పు జర్మనీ కార్మికులు తిరగబడిన రోజు కూడా జూన్ 17. ఇంకొక సంగతి ఉంది. అదే 1989 డిసెంబరు 9న దగ్గరలోని హోఫ్‌లో రెండు జర్మనీల ప్రకృతి ప్రేమికులు సుమారు 400 మంది సమావేశమై, 1,393 కిలోమీటర్ల సరిహద్దు పట్టీని దున్నకుండా, కట్టడాలు లేవనీయకుండా పచ్చగా వదిలేయాలని తీర్మానించారు. దాన్ని ‘హరిత పట్టీ’ అన్నారు. మనుషులు అడుగు పెట్టని ఆ పట్టీలో, నేల మీద గూడు కట్టే అరుదైన పిట్టలు బతికి బట్టకట్టిన సంగతిని కై ఫ్రోబెల్ అనే యువకుడు అంతకు పదేళ్ల ముందు నుంచే లెక్కగట్టి చూపిస్తూ వచ్చాడు. బెర్లిన్ గోడ తెరుచుకున్న నెల రోజులకే సరిహద్దు నీడలో మిగిలిన పచ్చదనం గురించి ఆలోచించగలిగిన ఆ మనుషుల ముందుచూపుకు నాకు గౌరవం కలుగుతుంది.

ఇవాళ టాన్‌బాఖ్ పడమటి ఒడ్డు బవేరియాలోని టోపెన్ గ్రామానికి, తూర్పు ఒడ్డు తురింగియాలోని గెఫెల్ పట్టణానికి చెందుతాయి. ఊరికి ఇద్దరు మేయర్లు. పిన్‌కోడ్ ఒక ఒడ్డున 95తో, మరో ఒడ్డున 07తో మొదలవుతుంది. కార్ల నంబర్లు వేరు. పడమటి ఒడ్డున ‘గ్రూస్ గాట్’ అని దేవుడి పేరు మీద పలకరిస్తారు, తూర్పు ఒడ్డున ‘గూటెన్ టాగ్’ అంటారు. పొలాలు చూసినా తెలుస్తుంది. తూర్పున సమష్టి వ్యవసాయ కాలంలో గట్లు చెరిపేసి కలిపిన పెద్ద పెద్ద కమతాలు అలాగే సాగిపోతుంటాయి, పడమటి వైపు చిన్న ముక్కలు ఎక్కువ. నలభై ఏళ్ల పాలన నేల మీద వేసిన ఆ ముద్ర గోడ కంటే ఎక్కువ కాలం నిలిచేలా ఉంది.

ఇన్ని తేడాలెందుకు, ఊరిని ఒకే రాష్ట్రంలో కలిపేయవచ్చు కదా అని చూడవచ్చిన వారు అడుగుతుంటారు. నా నోటికీ ముందు ఆ ప్రశ్నే వచ్చింది. తర్వాత మా అమ్మమ్మ వాళ్ల ప్రాంతం గుర్తొచ్చింది. 2014 తర్వాత భద్రాచలం పట్టణం తెలంగాణలో, దాన్ని ఆనుకునే ఉన్న ఎటపాక ఆంధ్రప్రదేశ్‌లో ఉన్నాయి. చిక్కులున్నాయి, కాగితాల పనికి తిరుగుళ్లున్నాయి, అవి తీరాలి. అయినా సంతకు, ఆస్పత్రికి, రాములవారి దర్శనానికి మనుషులు ఆ గీత దాటుతూనే ఉన్నారు. దాటడానికి ఎవరి అనుమతీ అక్కర్లేనంత కాలం అది పొలిమేరే. మోడ్లరోయిట్‌లో 1810 నుంచి 1945 దాకా ఉన్నదీ, 1990 నుంచి నేటి దాకా ఉన్నదీ అదే.

అలాగని గీతలు ఎప్పుడూ నిరపాయకరమని నేను వాదించను. లండన్‌లో కూర్చున్న వాళ్ల చేతికి అందుబాటులో ఉన్నది కనుకనే ఆ పాత గీత ముళ్లతీగ అయింది. ఊళ్లో గీతే లేకపోతే మోడ్లరోయిట్ మొత్తంగా ఏదో ఒక దేశంలో పడి ఉండేది. తూర్పులో పడినా అది ఊరికి శుభమయ్యేదన్న భరోసా లేదు. ఇదే తురింగియాలో, సరిహద్దుకు మరీ దగ్గరగా ఉందన్న కారణానికి బిల్‌ముట్‌హౌసెన్ అనే ఊరిని 1978 నాటికి ఇళ్లతో సహా నేలమట్టం చేశారు. ఆ ఊరికి గోడ రాలేదు, ఊరే లేకుండా పోయింది. కాబట్టి ‘గోడ పడిన ఊరు’ అన్న ఒక్క ముక్కతో ఈ సరిహద్దు గ్రామాల కష్టాన్ని కొలవలేం. ఏ ఊరి లెక్క ఆ ఊరిదే, దాన్ని ఆ ఊరి పేరుతోనే చెప్పాలి.

నేను వెళ్లింది అక్టోబరు 31న. మార్టిన్ లూథర్ సంస్కరణల జ్ఞాపకార్థం తురింగియాలో ఆ రోజు సెలవు. బవేరియాలో కాదు, అందుకే నేను సెలవు పెట్టుకుని వెళ్లాల్సి వచ్చింది. మరుసటి రోజు, నవంబరు 1, సకల పునీతుల పండుగకు బవేరియాలో సెలవు, తురింగియాలో పనిదినం. తూర్పు ఒడ్డు ఇళ్ల ముందు కార్లు కదలకుండా నిలిచి ఉన్నాయి. పడమటి ఒడ్డున ఎవరో ట్రాక్టరుకు ట్రెయిలరు తగిలిస్తున్నారు. ట్రాక్టరు చప్పుడు విని అవతలి ఒడ్డున ఒక పెద్దాయన తలుపు తీసి బయటికొచ్చాడు. చిన్న వంతెన మీదుగా పది పన్నెండు అడుగుల్లో ఇటు వచ్చి, ట్రెయిలరు కొక్కెం సరిగ్గా కూర్చునేలా చేత్తో ఎత్తి పట్టుకున్నాడు. పని అయ్యాక ఇద్దరూ కాసేపు మాట్లాడుకున్నారు. తర్వాత ఆయన చేతులు తుడుచుకుంటూ వంతెన దాటి తన రాష్ట్రానికి వెళ్లిపోయాడు.